బూడిదరంగు పట్టీ

అక్కయ్యకు నమస్కరించి చెల్లెలు రాయునది.

ఇక్కడ మేము క్షేమంగానే ఉన్నామని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. అక్కడ నువ్వూ, బావా, నీ మోకాలూ ముగ్గురూ ఎలా ఉన్నారో తెలియజేయి. మోకాలిని మనిషి కింద లెక్కగట్టానని నవ్వకు. ఈమధ్య నీ ఉత్తరాల్లో బావ గురించి కన్నా దాని గురించే ఎక్కువ ఉంటోంది. వాన వచ్చేముందు చెబుతుందని, మెట్లు చూస్తే మొరాయిస్తుందని, పొద్దున్నే లేచేసరికి అలిగి కూర్చుంటుందని. పెళ్ళయిన కొత్తలో బావ గురించి కూడా ఇలాగే రాసేదానివి.

జవాబు ఆలస్యమైనందుకు తిట్టుకుంటూనే ఉండి ఉంటావు. తిట్టుకో, నాకు తగినదే. రాద్దామని కూర్చోవడం, ఏదో వంక పెట్టుకుని లేవడం, చాలాసార్లు జరిగింది. ఈరోజు సెలవు. మీ మరిది పొద్దున్నే ప్రెస్సుకి వెళ్ళారు, ఎవరివో క్యాలెండర్లు అర్జంటట. వంటింటి బల్ల తుడిచి కాగితాలు పెట్టుకున్నాను. ఒళ్ళంతా అలసటగా ఉంది అక్కా. పని వల్ల వచ్చిన అలసటైతే ఒక నిద్ర తీస్తే పోతుంది. ఇది పోవడం లేదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను.

"నీ అక్షరాలేమిటే, చీమలకి ఉత్తరం రాస్తున్నట్టు రాస్తున్నావు. పేజీ మొదట్లో బాగానే ఉంటాయి, కిందికొచ్చేసరికి బావ భూతద్దం వెతుక్కోవాల్సొస్తోంది" అని కోప్పడ్డావు. కాగితం పొదుపు చేస్తున్నాననుకో. ఈసారి చిన్నపిల్లలు దస్తూరీ దిద్దుకునే గీతల కాగితం కొని తెచ్చాను. పైగీతా కిందిగీతా తాకేలా ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తున్నాను. భూతద్దానికి సెలవిచ్చేయి. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

రెండోది, నా ఉద్యోగం గురించి పక్కింటావిడ అడిగితే "మా చెల్లెలు ఆసుపత్రిలో మనుషులకి బంతులు అంటిస్తుంది" అని చెప్పావట. ఆవిడ నమ్మలేదని రాశావు. నువ్వు చెప్పింది అబద్ధమేమీ కాదు. మాదొక పొడవాటి గది. కిటికీలకి నల్లతెరలు, గోడల మీద చుట్టూ కెమెరాలు, మధ్యలో నడవడానికి దారి. ఆ దారిలో నేలతో సమంగా రెండు పలకలు బిగించి ఉంటాయి. వచ్చినవాళ్ళ నడుము దగ్గరా, మోకాళ్ళ పక్కనా, చీలమండల దగ్గరా, మణికట్ల మీదా ఎముకని వేలితో తడిమి వెతికి, అక్కడ గోలీకాయంత మెరిసే బంతి అంటించడం నా పని. వేలు కాస్త పక్కకి పోయిందంటే ఆ మనిషి మోకాలు ఉన్నచోట కాకుండా ఇంకోచోట వంగుతోందని కంప్యూటరు నమ్మేస్తుంది. అందుకని రోజంతా జనం మోకాళ్ళ ముందు నేను మోకాళ్ళ మీద ఉంటాను. ఏ దేవుడి ముందూ అంతసేపు వంగలేదు.

ఆ కెమెరాలకి మనిషి కనబడడు, బంతులే కనబడతాయి. చుక్కలు కలిపి ముగ్గు వేసినట్టు ఆ బంతుల్ని కలిపి తెర మీద పుల్లల బొమ్మ తయారుచేస్తాడు మా ఇంజనీరు. నేనతన్ని పుల్లల మేస్త్రి అంటాను. పుల్లలకి ఎముకలు తొడిగి, ఎముకలకి కండరాల్ని దారాల్లా కట్టి, ఏ దారం ఎంత లాగితే ఈ మనిషి ఇలా నడుస్తున్నాడో లెక్క తీస్తాడు. ఆ లెక్క చూసి డాక్టర్లు ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ కట్టు వెయ్యాలో, ఎక్కడ చేతులు కట్టుకుని ఊరుకోవాలో నిర్ణయిస్తారు. "నేల కూడా మనల్ని తిరిగి తంతుందని రాశావు, అదేం విడ్డూరమే" అన్నావు కదా. మనం నేలని ఎంత నొక్కితే నేల మనల్ని అంత పైకి తోస్తుంది. ఆ పలకలు కొలిచేది దాన్నే. పుట్టినప్పటి నుంచీ తన్నులు తింటూనే ఉన్నాం, తెలియలేదంతే.

ఈమధ్య జరిగిన ఒక సంగతి చెబుతాను. ఇళ్ళకి రంగులు వేసే ఒకాయన వచ్చాడు. నిచ్చెన మీద నుంచి పడి తుంటి విరిగి, అతుక్కుంది. మళ్ళీ నిచ్చెన ఎక్కొచ్చని మా చేత అనిపించుకోవాలని ఆయన తాపత్రయం.

"బాగానే నడుస్తున్నానని రాసెయ్యండి మేడమ్, చాలు" అన్నాడు.

"రాసేది నేను కాదండీ, ఆ పలకలు. మీరు నడవండి."

ఛాతీ విరుచుకుని కవాతు చేస్తున్నట్టు నడిచాడు. మేస్త్రి నా వైపు చూశాడు. నేను ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. "ఇంకా మొదలుపెట్టలేదండీ. బంతులు గట్టిగా అంటుకున్నాయో లేదో చూడాలి. ఊరికే ఆ గోడ దాకా వెళ్ళి రండి."

అమ్మయ్య అనుకున్నాడు. వాళ్ళ కూతురు చదువు సంగతేదో చెబుతూ గోడ దాకా వెళ్ళి వచ్చాడు. అడుగడుక్కీ ఒళ్ళు ఒక పక్కకి ఒరిగిపోతోంది. మేమెక్కించుకున్నది ఆ నడకనే. గదిలో నడిచిన ప్రతి నడకా కెమెరాలకి ఎక్కుతుందని మొదట్లోనే చెప్పి సంతకం తీసుకుంటాం గానీ అది ఎవరికీ గుర్తుండదు. కొలుస్తున్నామంటే ఎవరూ తమ నడక నడవరు అక్కా, ఫొటోకి నిలబడ్డట్టు నడుస్తారు. అందుకని మా గదిలో ఇదొక ఆనవాయితీ అయిపోయింది.

నిచ్చెన ఇప్పట్లో వద్దని డాక్టరుగారు చెప్పాక, ఆయన చెప్పులు వేసుకుంటూ, "మొదలుపెట్టలేదన్నారు కదా మేడమ్" అన్నాడు. కోపంగా అనలేదు. నేను బంతులు డబ్బాలో సర్దుతున్నట్టు నటించాను.

ఆయనకి తెర మీద చూపించిందేమిటంటే, ఎర్రగా ఆయన గీత, దాని వెనకాల బూడిదరంగు పట్టీ. గీత పట్టీ లోపల ఉంటే నడక బాగున్నట్టు, బయటికి పోతే తేడా ఉన్నట్టు. ఆ పట్టీ ఎక్కడిదనుకున్నావు? యంత్రంతో పాటు వచ్చిన లెక్కలు ఎవరి నడకవో, ఎక్కడివో తెలియవని మా పెద్ద డాక్టరుగారికి నచ్చలేదు. గది తెరిచిన కొత్తలో మా సిబ్బందినే వరసగా నడిపించారు. నర్సులు, గేటు దగ్గర ఉండే ఆయన, లెక్కలు రాసే ఆవిడ, నేను. మా అందరి నడకా కలిపితే ఆ పట్టీ అయింది. అప్పటినుంచీ ఈ ఆసుపత్రికి కుంటుతూ వచ్చిన ప్రతివాళ్ళనీ నా నడక పక్కన పెట్టి చూస్తున్నారన్నమాట. చదువులో నేనెప్పుడూ ఎవరికీ ఆదర్శం కాలేదని నాన్న దెప్పేవారు గుర్తుందా. నడకలో అయ్యాను.

ఇక నీ మోకాలు. ఎక్స్‌రే కాగితం పంపావు, మా డాక్టరుగారికి చూపించాను. లోపలి మెత్తటి పొర అరిగిపోయి ఎముకకి ఎముక తగులుతోందట. మామూలుగా నడిచినా ప్రతి అడుగుకీ మన బరువుకి రెండింతలకి పైనే మోకాలి మీద పడుతుంది. నొప్పిగా ఉందని నువ్వు అటు వాలి, ఇటు వాలి నడుస్తుంటే ఆ భారమంతా మంచి కాలి మీదకి పోతుంది. ఇంకొన్నాళ్ళు పోతే అదీ అలుగుతుంది. ఆపరేషన్ చేయించుకోమనే అన్నారు. మీ డాక్టరూ అదే అన్నాడని రాశావు. పెట్టుకోవలసిన రోజు కూడా ఇచ్చాడట. దానికి నువ్వు పెట్టిన షరతు చదివి కాగితం మడిచి పక్కన పెట్టేశాను. "నువ్వొచ్చి నన్ను దగ్గరుండి నడిపిస్తానంటేనే చేయించుకుంటాను. లేకపోతే ఈ మోకాలితోనే పోతాను. ఇన్నేళ్ళు ఊళ్ళోవాళ్ళందర్నీ నడిపించావు, నన్ను నడిపించలేవా?" అని రాశావు.

జవాబు ఆలస్యం కావడానికి కారణం ఇదే. నువ్వు అడిగావని విసుగు కాదు. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టుంది నా పరిస్థితి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇంతసేపూ రంగుల ఆయన గురించి రాస్తూ కూర్చున్నాను.

చెబుతాను. బావకి తర్వాత నువ్వే చెప్పుకో. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోను ఎత్తేది బావ, స్పీకరు పెట్టేది బావ, మధ్యలో సలహాలిచ్చేది బావ. ఇది నీకొక్కదానికే ముందు చెప్పాలనిపించింది.

మా గదికి కొత్త కెమెరాలు వచ్చాయి. అవి పాతవాటితో సరిపోతున్నాయో లేదో చూడాలంటే పట్టీలో ఉన్న పాత మనుషుల్నే మళ్ళీ నడిపించి చూడాలి. గేటు ఆయన రిటైరయ్యాడు, లెక్కలు రాసే ఆవిడా, నర్సులూ తలో చోటికీ వెళ్ళిపోయారు. మిగిలింది నేను. మేస్త్రి నాకు బంతులు అంటించాడు. ఎముకలు వెతకడం రాక చక్కిలిగింతలు పెడుతుంటే తిట్టి, సగం నేనే అంటించుకున్నాను. తర్వాత చేతులూపుకుంటూ అందంగా నడిచి చూపించాను.

"మేడమ్, మీరు కూడా ఫొటో నడకే నడుస్తున్నారు" అన్నాడు.

"తాతకు దగ్గులు నేర్పకు. రికార్డు చెయ్యి."

ఇంతలో కొత్తగా చేరిన నర్సు తలుపు దగ్గరికి వచ్చి కట్ల బీరువా తాళం ఎక్కడని అడిగింది. ఒంటి మీద బంతుల సంగతి మర్చిపోయి, తలుపు దాకా వెళ్ళి ఫలానా చోట ఉందని చెప్పి తిరిగి వచ్చాను. వచ్చేసరికి తెర మీద ఒక పుల్లల బొమ్మ నడుస్తోంది. ఎడమచెయ్యి బాగానే ఊగుతోంది. కుడిచెయ్యి ఊగడం లేదు. మోచెయ్యి కొంచెం వంచుకుని, నడుముకి అంటిపెట్టుకుని అలాగే ఉంది. కుడి అడుగు పొట్టిగా పడుతోంది.

"ఎవరిదిది?" అన్నాను.

"మీదే మేడమ్. ఇప్పుడు తలుపు దాకా వెళ్ళొచ్చారు కదా."

"మణికట్టు బంతి ఊడినట్టుంది, చూడు."

"ఊడలేదు మేడమ్. చూశాను."

నేను వినలేదు. బంతి మార్చాను. కెమెరా అద్దం తుడిపించాను. గది నడుమ నిలబడి బంతులు బిగించిన కొలకర్ర ఊపి కెమెరాలన్నిటినీ మళ్ళీ మొదటినుంచి సరిచేయించాను. కంపెనీవాళ్ళకి ఫోను చేసి సరుకు బాగాలేదని దెబ్బలాడాను. వాళ్ళ మనిషి వచ్చి అన్నీ విప్పి చూసి, ఏమీ లేదని చెప్పి వెళ్ళాడు. ఆడలేక మద్దెల ఓడు అంటారే, ఆ సామెత నాకోసమే పుట్టినట్టుంది. అంతా అయ్యాక మేస్త్రి బంతులు తనకే అంటించుకుని అదే దారిలో నడిచాడు. రెండు చేతులూ ఊగాయి. నర్సుని నడిపించాడు. ఆమెవీ ఊగాయి.

ఆ ఊగని చెయ్యి అంటే ఏమిటో నాకు తెలియక కాదు అక్కా. అలాంటి మణికట్ల మీద ఎన్ని బంతులు అంటించానో. గుమ్మం దాటకముందే చూసి, ఫలానా జబ్బని మేస్త్రికి సైగ చేసేదాన్ని. ఇంతమందిలో పట్టుకున్న యంత్రం నా దగ్గరికి వచ్చేసరికి తప్పు చెబుతోందనుకున్నాను. మామూలు మనిషైతే డాక్టరు దగ్గరికి పరిగెత్తేది. నేను కెమెరాకి వైద్యం చేయించాను.

మీ మరిది అంతకు ముందే అన్నారు. "నువ్వు మెట్లెక్కుతుంటే చప్పుడు మారిందే. ఒక చెప్పు ఈడుస్తున్నావు" అని. మీ చెవులు చూపించుకోండి అన్నాను.

ఆఖరికి మా ఆసుపత్రిలోనే నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వేళ్ళు తెరిచి మూయమన్నారు, కుర్చీలోంచి లేవమన్నారు, అటూ ఇటూ నడవమన్నారు. తర్వాత కాగితం ఇచ్చి ఏదైనా రాయమన్నారు. ఏం రాయాలో తోచక మన ఇంటి అడ్రసు, చిన్నప్పటిది, రాశాను. రాసిన కొద్దీ అక్షరాలు కుంచించుకుపోయాయి. ఆయన కాగితం నా వైపు తిప్పి చూపించారు. నీ చీమలు, నీ భూతద్దం, అన్నీ అప్పుడు అర్థమయ్యాయి. మా ఖరీదైన కెమెరాల కన్నా ముందు నువ్వే కనిపెట్టావు, ఏమిటో తెలియకపోయినా.

పార్కిన్సన్ జబ్బట. వణుకుడు జబ్బంటారే, అదే. నాకింకా వణుకు రాలేదు. వణుకు లేకుండా కూడా వస్తుందని నేను ఎందరికో సర్దిచెప్పాను, ఇప్పుడు నాకు డాక్టరుగారు సర్దిచెప్పారు. తొందరపడే జబ్బు కాదమ్మా, మందులున్నాయి, పెద్ద పెద్ద అడుగులు వేస్తూ సాధన చేయాలి, పని మానక్కర్లేదు అన్నారు. చంపే రకం కాదు, సతాయించే రకం. అలా అని ధైర్యంగా ఉన్నాననుకోకు. ఈ జబ్బు మొదటి మెట్టే కాదు, చివరి మెట్లు కూడా ఆ గదిలో చూశాను. అందుకే మామూలువాళ్ళ కన్నా నాకు ఎక్కువ భయంగా ఉంది.

మేస్త్రి నా కొత్త గీతని పట్టీ మీద పెట్టి చూపించాడు. నేనే అడిగాను, అతను వద్దన్నాడు. నా పాత నడక కూడా ఉన్న ఆ పట్టీ బయట నా ఇప్పటి గీత పడి ఉంది. "మీ పాతది తీసెయ్యమంటారా మేడమ్?" అన్నాడు పాపం. ఎందుకు తీయడం, అప్పుడు బాగానే నడిచాను కదా అన్నాను. మర్నాడు మామూలుగానే పనిలోకి వెళ్ళాను. ఎడమచేత్తో బంతులు అంటించడం సాధన చేస్తున్నాను.

మీ మరిదికి చెప్పాను. రెండో రోజు మెట్ల పక్కన గోడకి పట్టుకునే కమ్మీ బిగించారు. ఇప్పుడే నన్ను ముసలిదాన్ని చేసేస్తారా అని పెద్ద గొడవ పెట్టుకున్నాను. ఆయన స్క్రూలు బిగిస్తూనే, "ఇది నాక్కావాలి, నా నడుము పట్టేస్తోంది" అన్నారు. నడుముకేం లేదు, నాకు తెలుసు. కమ్మీ పట్టుకుని ఎక్కుతున్నాను. ఇద్దరం ఆ విషయం ఎత్తడం లేదు.

ఇప్పుడు నీ షరతుకి జవాబు. వస్తున్నాను. ఆపరేషన్ ముందు రోజుకే దిగుతాను, సెలవు పెట్టాను. నిన్ను మంచం మీంచి లేపి నిలబెట్టడానికి, మడమ ముందు ఆనించి నడిపించడానికి ఈ చేతుల్లో ఇంకా బలముంది. నేనొచ్చేలోపు నువ్వు ఏడ్చి మొహం వాచేలా చేసుకోకు. నన్ను చూసి జాలిపడి "ఇలాంటప్పుడు దీన్నెందుకు కష్టపెట్టడం, ఆపరేషనూ వద్దు ఏమీ వద్దు" అని బావతో అన్నావంటే మాత్రం నేను ఊరుకోను. అంటావని నాకు తెలుసు. నీకోసం ఏదైనా చేయించుకోమంటే ఏనాడు విన్నావు? ఇంకొకళ్ళకోసమంటే అర్ధరాత్రైనా లేస్తావు. అందుకే సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఈ ఆపరేషన్ నీకోసం కాదు. నాకోసం చేయించుకో.

ఈ జబ్బులో ముందు ముందు ఒకటి జరుగుతుంది. మనిషి నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గర ఆగిపోతుంది. పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు ఉంటాయి, ఎంత అనుకున్నా కదలవు. వెనక నుంచి తోస్తే పడిపోతుంది. ఎవరైనా ముందు నిలబడి, ఒక అడుగు వేసి చూపించి, రమ్మని పిలిస్తే కాలు లేస్తుంది. ఎందుకు లేస్తుందో మేస్త్రి లెక్కల్లో కూడా లేదు. ఆ రోజు ఎప్పుడొస్తుందో తెలియదు, రాకపోవచ్చు కూడా. వస్తే మాత్రం నా ముందు నిలబడాల్సింది నువ్వే. మీ మరిది మంచివారే, కానీ ఆయన పిలిస్తే నాకు రోషం వస్తుంది, కాలు రాదు. నువ్వు పిలిస్తే నేను రాకుండా ఎప్పుడూ ఉండలేదు.

దానికి నీ మోకాలు బాగుండాలి. కుంటుకుంటూ నా వెనక పడితే లాభం లేదు. ముందు పుట్టినదానివి, నువ్వే ముందు నడవాలి అక్కా.

ఇట్లు,
నీ చెల్లెలు